చెట్టు మీంచి పడ్డవాడి యజమాని ఎవరు?



ఎవరి స్మృతిలో ఇవాళ కలిశామో ఆ మా గురువుగారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మళ్ళీ చదవక్కర్లేదు. పొగడ్త మొదలవగానే లేచి బయటికి వెళ్ళిపోయే మనిషి ఆయన. అందుకని ఆయన గెలిచిన కేసుల జాబితా చదవను. ఫైలు కట్టకుండానే తిప్పి పంపాల్సి వచ్చిన మనుషుల గురించి మాట్లాడతాను. ఆయన ఆఫీసులో బెంచీ మీద అలాంటివాళ్ళే ఎక్కువగా కూర్చునేవాళ్ళు.

మన జిల్లా కోర్టుల్లో వాళ్ళ కేసుల్ని ఇప్పటికీ డబ్ల్యూసీ, అంటే వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్, కేసులనే అంటాం. చట్టం పేరు 2010లో 'వర్క్‌మెన్' నుంచి 'ఎంప్లాయీ'కి మారినా మన నోటికి పాత పేరే అలవాటు. పనిలో దెబ్బ తగిలినవాడు లేబర్ ఆఫీసులో కమిషనర్ ముందు వేసుకునే కేసు అది. ఫీజు తక్కువ, తిరుగుడు ఎక్కువ. మా గురువుగారు ఆ కేసు మీద వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొదట అడిగేది ఒకటే మాట: "ఎవరి దగ్గర పనిచేస్తున్నవ్?" దెబ్బ ఎట్లా తగిలిందనేది ఆ తర్వాత. ఆస్పత్రి కాగితాలు ఇంకా తర్వాత. మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతావాటితో పనిలేదు. కట్టు మీద రక్తం ఆరని మనిషిని ఇదేమి అడగడం అని జూనియర్లుగా మాకు కోపం వచ్చేది. అడుగుతున్నది ఆయన కాదు, 1923 నాటి చట్టం.

ఆ చట్టం చెడ్డదని నేననను. తన కాలానికి అది గొప్ప చట్టం. దాని ముందు ఏముండేదో గుర్తుచేసుకుంటే ఆ గొప్ప తెలుస్తుంది. ఇంగ్లండులో 1837లో ప్రీస్ట్‌లీ అనే కుర్రాడి కేసు ఒకటుంది. కసాయి దుకాణంలో పనివాడు. మోయలేనంత మాంసం ఎక్కించిన యజమాని బండి దారిలో కూలింది, కుర్రాడి తొడ ఎముక విరిగింది. జూరీ వంద పౌన్లు ఇప్పించింది. పై కోర్టు దాన్ని కొట్టేసింది. జడ్జి చెప్పిన కారణం వినండి: ఈ దావా ఒప్పుకుంటే రేపు తడి పక్క వేసిన పనిమనిషి నిర్లక్ష్యానికి కూడా, ఆ పక్క మీద పడుకున్న సాటి నౌకరుకు యజమాని డబ్బు కట్టాల్సి వస్తుందట! ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా అన్న ధోరణిలో ఆయన ఇంటి పనివాళ్ళ ఉదాహరణ తెచ్చాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళపాటు పనివాడు యజమాని తప్పు రుజువు చేయాలి, తన తప్పు లేదని చూపాలి, తోటి పనివాడి తప్పు కాదని ఒప్పించాలి. ఈ మూడు గడపలూ దాటినవాళ్ళు తక్కువ. జర్మనీలో బిస్మార్క్ 1884లో ప్రమాద బీమా తెచ్చాడు. ఇంగ్లండు 1897లో తప్పెవరిదన్న ప్రశ్ననే తీసేసింది: పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని కట్టాలి, అంతే. 1906కల్లా అక్కడ ఇంటి పనివాళ్ళకు కూడా ఆ చట్టం వర్తించింది. తడి పక్క వేసే మనిషిని కూడా చట్టం లోపలికి పిలిచింది.

మన 1923 చట్టం 1897 నాటి సూత్రాన్ని తీసుకుంది, 1906 నాటి వెడల్పును తీసుకోలేదు. ఫ్యాక్టరీ, గని, రైల్వే, రేవు ఇలా కొన్ని పనులను రెండో షెడ్యూల్లో రాసి, అందులో ఉన్నవాడే పనివాడు అంది. ఆ జాబితా ఏళ్ళ తరబడి పెరిగింది. ఖాళీగా ఉన్నప్పుడు చదవండి, సరదాగా ఉంటుంది. ఏనుగుల్ని పట్టేవాళ్ళున్నారు, సర్కస్‌లో పనిచేసేవాళ్ళున్నారు, విషం తీయడానికి పాముల్ని పట్టుకునేవాళ్ళున్నారు. ఇళ్ళలో అంట్లు తోమే మనిషి మాత్రం ఆ పేరుతో ఎక్కడా కనబడదు. గ్యాసు పేలి చేతులు కాలినా, మూడో అంతస్తు కిటికీ తుడుస్తూ జారినా ఆమె ఏనుగుల్ని పట్టేవాడి పాటి కూడా చేయలేదు. కోనసీమ నుంచి కువైట్ ఇళ్ళలోకి పనికెళ్ళే ఆడవాళ్ళకు అక్కడా ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఆ దేశపు 2010 నాటి కార్మిక చట్టం ఇంటి పనివాళ్ళను బయట పెట్టింది. వాళ్ళకోసం వేరే చట్టం 2015లో గాని రాలేదు.

ఆ షెడ్యూల్లోనే ఇంకో మాట ఉంది. ఇవాళ్టి నా ఉపన్యాసమంతా దాని చుట్టే తిరుగుతుంది. తాటిచెట్లు గీసే పని. అవును, గీత పని ఆ జాబితాలో ఉంది. చెట్లు నరికే పనితో, దుంగలు మోసే పనితో కలిపి ఒకే వరసలో రాశారు. అంటే గీత కార్మికుడు చట్టం కంటికి ఆనని మనిషేం కాదు. ప్రమాదకరమైన పని చేసేవాడని శాసనకర్తలు గుర్తించి, పేరు పెట్టి రాసిన మనిషి. మరి తాడి మీంచి పడి నడుం విరిగిన గౌడన్న మా గురువుగారి బెంచీ మీద నుంచి ఎందుకు వట్టి చేతులతో లేచి వెళ్ళాడు?

ఆ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం ఆగి చెబుతాను. నడుముకు ముత్తాదు, పాదాలకు గుజి, చెట్టునూ మనిషినీ కలిపి చుట్టిన మోకు. ఈ మూడే అతని రక్షణ. అరవై అడుగుల చెట్టును మోకు ఎగరేసుకుంటూ ఎక్కుతాడు. పైన మట్టల మధ్య గెలను పలచగా గీయాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని ఒంటి బరువంతా మోకు మీద వేసి వెనక్కి వాలతాడు. కత్తి ఒక చేత, లొట్టి ఒక చేత. పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి, కొన్ని కాలాల్లో మధ్యాహ్నమూ ఎక్కాలి. ఒక్క చెట్టు కాదు. వానాకాలంలో మొద్దు నాచుపట్టి జారుతుంది. ఎండిన మట్ట చేతిలోకి ఊడి వస్తుంది. కందిరీగలు ముసురుకుంటే చెట్టు మీద పరిగెత్తడానికి చోటుండదు. పిడుగు ఊళ్ళో మొదట వెతుక్కునేది తాడిచెట్టునే. పడ్డవాడు బతికితే వెన్నుపూస దెబ్బతో బతుకుతాడు. కాళ్ళు చచ్చుబడి, పుండ్లు పడి, మంచంలో ఏళ్ళు గడిపేవాళ్ళు నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఏ తాటివనం పక్క ఊరికి వెళ్ళినా కనబడతారు.

ఇప్పుడు యజమాని సంగతి. వెనక కల్లు దుకాణాలకు వేలంపాటలు ఉండేవి. పాట పాడుకున్న కాంట్రాక్టరు కింద గీసేవాడు కూలివాడు. దోపిడీ ఉండేది, అప్పులుండేవి, బెదిరింపులుండేవి. ఆ రోజులు మళ్ళీ రావాలని ఎవరూ అనరు. చెట్టు గీసేవాడికే దక్కాలని గీత కార్మికులు దశాబ్దాలు కొట్లాడారు. సహకార సంఘాలు వచ్చాయి. సంఘం లేనిచోట గీసేవాడి పేరునే లైసెన్సు వచ్చింది. కాంట్రాక్టరు పోయాడు. ఇది నిజమైన గెలుపు. అయితే కాంట్రాక్టరుతో పాటే చట్టం వెతికే యజమాని కూడా పోయాడు. కాంట్రాక్టరు కింద నలిగినన్నాళ్ళు, కనీసం కాగితం మీదైనా, పడితే పరిహారం అడిగే హక్కు ఉండేది. తన చెట్టుకు తానే దొర అయిన రోజున ఆ హక్కు ఎగిరిపోయింది. ఎవరి మీద వేయాలి కేసు? సంఘం మీదా? సంఘమంటే తానూ, తన బావమరిదీ, వెనకింటి మామే. లైసెన్సిచ్చిన ఎక్సైజ్ శాఖ మీదా? శాఖ అతనికి జీతమివ్వదు. చెట్టున్న పొలం ఆసామి మీదా? అతనికి పని చేయించే అధికారమే లేదు.

అందుకని ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది. తెలంగాణలో గీత కార్మికుడు చెట్టు మీంచి పడి చనిపోయినా, శాశ్వతంగా అవిటివాడైనా ఐదు లక్షలు. కాదనను, అది రాకముందు రోజులు నాకు తెలుసు. చెట్టు ఎక్కేటప్పుడు జారినా పట్టి ఆపే రక్షణ కిట్లు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో పంచడం మొదలుపెట్టారు. అది ఐదు లక్షల కన్నా మంచి పని. పడకుండా ఉండడం కన్నా పెద్ద పరిహారం ఏముంటుంది? కాని వకీలు కంటితో చూస్తే ఎక్స్‌గ్రేషియాకూ పరిహారానికీ మధ్య ఉన్న తేడా సొమ్ములో ఒక్కటే లేదు. ఆ తేడా ఎక్కడుందో చూపిస్తాను, లెక్కతోనే మొదలుపెడదాం.

నలభై ఏళ్ళ మనిషి పనిలో చనిపోయాడనుకోండి. 1923 చట్టం లెక్క ఇది: నెల జీతంలో సగం తీసుకుని, అతని వయసుకు షెడ్యూల్లో రాసిన అంకెతో గుణించాలి. నలభై ఏళ్ళకు ఆ అంకె 184.17. జీతం ఎంతున్నా 2020 జనవరి నుంచి 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు. ఏడు వేల ఐదువందల్ని గుణించండి: 13,81,275 రూపాయలు. యజమాని ఉన్నవాడి ప్రాణానికి చట్టం కట్టిన లెక్క అది. యజమాని లేనివాడికి ఐదు లక్షలు. చెట్టు ఒకటే, ఎత్తు ఒకటే, నేల ఒకటే.

సొమ్ము తర్వాత గడువు చూడండి. చట్టం కింద యజమాని నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ. సాకు లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా. ఎక్స్‌గ్రేషియా ఏడాది ఆలస్యమైతే? బడ్జెట్ రిలీజు కాలేదు, ఫైలు పైన ఉంది అంటారు. వడ్డీ లేదు, జరిమానా లేదు. ఆలస్యానికి ఖరీదు లేనిచోట ఆలస్యమే పద్ధతవుతుంది. నేను ఎవరినీ నిందించడం లేదు. సాయంత్రం ఐదుకు బీరువాకు తాళం వేసే గుమాస్తా దగ్గర రెండు ఫైళ్ళుంటే, రోజుకింతని వడ్డీ పెరిగే ఫైలే ముందు కదులుతుంది.

పూర్తిగా అవిటివాడు కాకుండా, కాలు విరిగి ఆరునెలలు మంచాన ఉన్నవాడి సంగతి ఇంకో రకం. చట్టంలో అతనికి పదిహేను రోజులకోసారి, నెల జీతంలో పాతిక శాతం చొప్పున చెల్లింపు ఉంది. వైద్యం ఖర్చులు వేరే. ఎక్స్‌గ్రేషియాలో మాత్రం అలా పదిహేను రోజులకోసారి అందే చెల్లింపు లేదు. ఆ ఆరునెలల్లోనే అప్పు పుడుతుంది. పిల్లాడి చదువు ఆగేది ఆ ఆరునెలల్లోనే.

ఇంకొకటి, మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గీత కార్మికుడు పడ్డాడనగానే ఊళ్ళో మొదట వచ్చే మాట "తాగి పడ్డాడు". పంచనామా రాసే చోట కూడా ఆ మాట వాసన కొడుతుంది. పరిహారపు చట్టంలో చావుకు, పూర్తి శాశ్వత వైకల్యానికి ఆ వాదన చెల్లదు. తాగి ఉన్నాడని యజమాని రుజువు చేసినా డబ్బు ఎగ్గొట్టలేడు. ఆ చట్టం భార్యాపిల్లల వైపు నుంచి ఆలోచించింది. తండ్రి తాగాడా లేదా అన్నది పస్తుండే పిల్లలకు సంబంధించిన ప్రశ్న కాదని తేల్చింది. యజమాని లేనివాడి పెళ్ళాం మాత్రం ఆ ప్రశ్నకు ప్రతి బల్ల దగ్గరా జవాబు చెప్పాలి. ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది, నూరేళ్ళ కిందటి చట్టం మన ఊరికన్నా దయగలదని.

గీత పనిని పక్కన పెట్టి మిరప చేలలోకి వద్దాం. అక్కడ యజమాని లేకపోవడం కాదు, ఎక్కువవడం ఇబ్బంది. మిర్చి కోతల కాలంలో ఖమ్మం వైపు, గుంటూరు వైపు తెల్లవారుజామున రోడ్డెక్కితే తెలుస్తుంది. ఆటోలో ఎంతమంది పడతారో అంతకు రెండింతలు ఆడవాళ్ళు. ఆటో మాట్లాడింది ముఠా మేస్త్రి. కూలి ఇచ్చేది రైతు. ఆ రైతు కూడా చాలాసార్లు కౌలుదారే. మలుపులో ఆటో తిరగబడింది. ఎవరు యజమాని? రైతు అంటాడు, నేను మేస్త్రితో మాట్లాడుకున్నాను, ఎవరొస్తారో నాకు తెలియదు అని. మేస్త్రి అంటాడు, నేనూ వాళ్ళతో కాయలు కోసేవాణ్ణే అని. ఆటో కాక సరుకు వాహనమో ట్రాక్టరు ట్రాలీయో అయితే బీమా కంపెనీ ఫైలు తెరుస్తుంది. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. ఆ తీర్పు మా గురువుగారికి కంఠతా వచ్చు. ఇష్టంతో నేర్చుకున్నది కాదు, ప్రతి ట్రాలీ ప్రమాదంలోనూ ఎదురుపక్క వకీలు దాన్ని పట్టుకునే వచ్చేవాడు.

వ్యవసాయం షెడ్యూల్లో లేదా అంటే ఉంది. ట్రాక్టరు సేద్యం ఉంది, పురుగుమందు కొట్టడం ఉంది. ఉన్నా ఏమవుతుందో చెబుతాను. కమిషనర్ ఆర్డరు ఇస్తాడు. ఎవరి మీద? మూడెకరాలు కౌలుకు చేసుకుంటూ అప్పులో ఉన్న మనిషి మీద. మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. పని చేయించుకునేవాడు పనివాళ్ళ పేరున బీమా చేయాలన్న నిర్బంధం 1923 చట్టంలో లేదు. దాంతో ఆర్డరు కాపీ ఒక పేదవాడి చేతిలోంచి ఇంకో పేదవాడి చేతికి పోతుంది. కింద కూలి, పైన కౌలు రైతు. ఇద్దరిలో ఎవరు ఓడినా నాకు గెలిచినట్టుండదు అనేవారు మా గురువుగారు. అలాంటి కేసుల్లో రాజీకే మొగ్గు చూపేవారు.

యజమాని ఎవరో కనిపెట్టడంలో మన కోర్టులు ఏమీ చేయలేదని కాదు. హైదరాబాద్ నుంచే ఒక మంచి తీర్పు వెళ్ళింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973. దుకాణంలో దర్జీలు బట్టకింతని తీసుకునేవాళ్ళు. రోజూ రావాలని లేదు, వచ్చే వేళా పోయే వేళా వాళ్ళిష్టం, వేరే దుకాణానికీ కుట్టొచ్చు. కాబట్టి వీళ్ళు మా పనివాళ్ళు కారు అన్నాడు యజమాని. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మిషన్లు దుకాణానివి. కుట్టు నచ్చకపోతే వెనక్కిచ్చి మళ్ళీ కుట్టమనే హక్కు దుకాణానిది. ఆ హక్కు ఉన్నవాడే యజమాని అంది. గంటలు, హాజరు పుస్తకం చూసి తేల్చలేదు, పనిని కాదనే అధికారం ఎవరి చేతిలో ఉందో చూసింది.

ఆ దర్జీలు కుట్టిన నగరంలోనే ఇవాళ వేలమంది కుర్రాళ్ళు బైకుల మీద అన్నం పొట్లాలు మోస్తున్నారు. వాళ్ళకూ వచ్చే వేళ వాళ్ళిష్టమే, పోయే వేళ వాళ్ళిష్టమే, రెండో యాప్‌కూ పనిచేయొచ్చు. రేటింగు పడిపోతే ఐడీ బ్లాక్ చేసే అధికారం మాత్రం యాప్‌ది. వెనక్కిచ్చి మళ్ళీ కుట్టమనడం కన్నా ఇది మెతక అధికారమా? 1973 నాటి కొలబద్దతో చూస్తే వీళ్ళలో చాలామంది పనివాళ్ళని నా అభిప్రాయం. పార్లమెంటు వేరే దారి పట్టింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్ అంటే సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడు అని నిర్వచించింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి 1923 చట్టాన్ని తనలో కలుపుకుంది. అదే పుస్తకంలో ఒక అధ్యాయం ఉద్యోగుల పరిహారానిది, ఇంకో అధ్యాయం వీళ్ళ సంక్షేమ నిధిది. మొదటి దాంట్లో దెబ్బకు లెక్క ఉంది, దావాకు గుమ్మం ఉంది. రెండో దాంట్లో పథకాలు ఉంటాయి. ఆ నిధికి కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం కట్టాలి, అదీ వర్కర్లకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం దాటకూడదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020–21లో దేశంలో ఇలాంటివాళ్ళు 77 లక్షలు. 2029–30కి 2.35 కోట్లవుతారని అంచనా. అంటే 1923లో పొరపాటున జాబితాలో పడకుండా మిగిలినవాళ్ళ కథ కాదిది. ఉద్దేశపూర్వకంగా నిర్వచించి బయట పెట్టిన తొలి తరం ఇది. గీత కార్మికుడు యజమానిని కొట్లాడి వదిలించుకున్నాడు. ఈ కుర్రాడి దగ్గర్నుంచి యజమానే తప్పుకున్నాడు. రోడ్డు మీద పడ్డాక ఇద్దరి చేతిలోనూ మిగిలేది ఒకటే.

ఇంతా చెప్పి, ప్రతివాడికీ ఒక యజమానిని వెతికిపెట్టమని అడుగుతానని మీరనుకుంటే, నేను అడిగేది అది కాదు. వెతికితే దొరికేచోట తప్పకుండా వెతకాలి, బైకు కుర్రాళ్ళ విషయంలో నేను వదలను. గీత కార్మికుడికి మాత్రం కొత్తగా ఓ దొరను తెచ్చిపెట్టడం అతను గెలిచిన పోరాటాన్ని వెనక్కి తిప్పడమే. ప్రశ్నల వరస మార్చాలి. దెబ్బ తగిలిందా, పనిలో తగిలిందా అనేవి ముందు. ఎవరు కట్టాలి అనేది తర్వాత. అది కట్టేవాళ్ళ మధ్య తగువు, దానికోసం మంచంలో ఉన్నవాణ్ణి ఆపక్కర్లేదు.

ఇది ఊహాలోకమేం కాదు. న్యూజిలాండ్ 1974 ఏప్రిల్ నుంచి ఇలాగే నడుస్తోంది. అక్కడ ప్రమాదంలో గాయపడ్డవాడికి, పనిలోనైనా ఇంట్లోనైనా, ఒకే సంస్థ చెల్లిస్తుంది. అంత దూరం వద్దంటే మన దగ్గరే చూడండి. మురుగు కాల్వల్లో దిగి చనిపోయినవాళ్ళ విషయంలో సుప్రీంకోర్టు 2014లో పది లక్షలన్నది, 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. అక్కడ మునిసిపాలిటీయా, కాంట్రాక్టరా, ఇంటి ఓనరా అని కుటుంబాన్ని తిప్పొద్దన్నదే అసలు ఉద్దేశం. మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ చట్టం హమాలీలకు బోర్డునే యజమాని స్థానంలో కూర్చోబెట్టింది. సరుకు ఎవరిదైనా కూలితో పాటు లెవీ బోర్డుకు వస్తుంది, పరిహారమూ అందులోంచే. మన ఉమ్మడి రాష్ట్రమూ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పేరుతో అలాంటి చట్టమే చేసుకుంది. అక్కడి బోర్డుల్లా ఇక్కడ అది వేళ్ళూనుకోలేదు. పుస్తకాల్లో వెతికితే దొరుకుతుంది, మార్కెట్ యార్డులో వెతికితే దొరకదు.

తెలంగాణ రైతు బీమా ఇంకా దగ్గరి ఉదాహరణ. 2018 ఆగస్టు 15న మొదలైంది. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో ఐదు లక్షలు. ఎలా చనిపోయాడని అడగదు, తాగాడా అని అడగదు. రోజుల్లో డబ్బు పడుతుంది. ప్రభుత్వం తలచుకుంటే ఎంత త్వరగా పని జరుగుతుందో చూపిన పథకమది, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే దాని గుమ్మం దగ్గరా ఒక ప్రశ్న ఉంది. పాస్‌బుక్కు ఉందా? కౌలు రైతుకు లేదు. ఆ చేలో కలుపు తీసే మనిషికి అసలే లేదు. 1923 చట్టం యజమానిని అడిగితే, 2018 పథకం పట్టా అడిగింది. ఆటోలో తిరగబడ్డ ఆడవాళ్ళ దగ్గర రెండూ లేవు.

నిన్న, ఈ సభకు వచ్చే ముందు, ఒక మిత్రుడు, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, ఫోనులో అన్నాడు: అందరికీ ఇస్తే దొంగ క్లెయిములు పుట్టుకొస్తాయి, ఖజానా చాలదు అని. దొంగ క్లెయిములు వస్తాయి. మోటారు ప్రమాదాల కోర్టుల్లోనూ వస్తాయి, అయినా వాటిని ఎవరూ మూసేయలేదు. ఖజానా సంగతి మాత్రం మాట్లాడుకోవాల్సిందే. భవన నిర్మాణంలో ఖర్చు మీద ఒక శాతం సెస్సు వేసి, 1996 చట్టంతో మొదలైన బోర్డులు నడుపుతున్నాం. ఆ డబ్బు ఖర్చుకాక మూలుగుతోందని కోర్టులే మందలించిన సందర్భాలున్నాయి. కల్లు మీద, మిర్చి బస్తా మీద, పొట్లం డెలివరీ మీద పైసల్లో లెవీ వేస్తే ధర పెరిగిందని తినేవాడికి తెలియను కూడా తెలియదు. ఎంత వేయాలో లెక్క కట్టడానికి ఏటా ఎంతమంది పడుతున్నారో ముందు తెలియాలి. ఆ లెక్క ఇప్పుడు ఎక్సైజ్ ఆఫీసులో కొంత, పోలీసు స్టేషన్లో కొంత, ఆస్పత్రి రిజిస్టరులో కొంత ఉంది. మూడింటినీ కలిపి చూసే బల్ల ఏ ఒక్క శాఖలోనూ లేదు. లేబర్ ఆఫీసుకు అసలు చేరదు, అక్కడ యజమాని పేరు లేని ప్రమాదానికి రిజిస్టరులో గడి లేదు కనుక.

కొత్త కోడ్ కింద రూల్స్ రాసే పని రాష్ట్రాలకు ఉంది. ఈ హాల్లో ఆ పనికి దగ్గరగా ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు, మొహమాటం లేకుండా వాళ్ళతోనే మాట్లాడి ముగిస్తాను. పెద్ద మార్పులకు ఏళ్ళు పడతాయని తెలుసు. ఈలోపు చేయగలిగినవి చెబుతాను. ఎక్స్‌గ్రేషియా జీవోలో ఒక్క వాక్యం చేర్చండి: పంచనామా, ఆస్పత్రి కాగితం అందిన నెల రోజుల్లో చెల్లించాలి, లేకపోతే ఆ రోజు నుంచి 12 శాతం వడ్డీ. ఇంకో వాక్యంలో, మంచం పట్టిన నెలలకు పదిహేను రోజుల చెల్లింపు పెట్టండి. మూడో వాక్యంలో, దరఖాస్తు తిరస్కరిస్తే అదే జిల్లా లేబర్ కమిషనర్ ముందు అప్పీలుకు వీలివ్వండి. ఆ కుర్చీ ఇప్పటికే ఉంది, ఆ మనిషికి ఈ పని వచ్చు. వీటికి అసెంబ్లీ అక్కర్లేదు, ఆర్థిక శాఖ సంతకం చాలు. ఆ సంతకం అడగడానికి కట్టిన ఫైలు మా గురువుగారి బీరువాలోనే ఉంది. కాపీలు తెచ్చాను, సభ అయ్యాక నా దగ్గర తీసుకోండి.